నీళ్ల ఏటీఎంలు ఎవరి దగ్గర కొనాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గరి పల్లె. మా బోరు నీళ్లు ఉప్పబడ్డాయి. మా సేవా సంఘం చుట్టుపక్కల ఊళ్లలో కార్డు పెడితే మంచినీళ్లు వచ్చే ఏటీఎంలు పెట్టాలనుకుంటోంది. అన్నిటికన్నా తక్కువ ధర చెప్పిన కంపెనీ 60 శాతం అడ్వాన్సు అడుగుతోంది. వివాదం వస్తే తాను నియమించే ఆర్బిట్రేటరే (కోర్టు బయట వివాదం తేల్చే మధ్యవర్తి) ఢిల్లీలో తీర్పు చెబుతారని ముసాయిదాలో రాసింది. సంతకం చేయవచ్చా?

జవాబు: ఆ ముసాయిదాపై ఉన్నది ఉన్నట్టుగా సంతకం చేయకండి. ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేల్చింది. అయినా ఆ షరతును వదిలేస్తే, తటస్థుడిని నియమింపజేసుకోవడానికే మీరు ఢిల్లీ హైకోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. ఇరుపక్షాల సమ్మతితోనే నియామకం జరగాలనీ, ఆర్బిట్రేషన్ స్థానం (ఏ కోర్టుల పరిధిలోకి వస్తుందో తేల్చేది) భీమవరమనీ రాయించండి.

అయితే నాకు అంతకన్నా ఆందోళన కలిగించేది యంత్రంలోని సాఫ్ట్‌వేర్. కార్డుల రీఛార్జి డబ్బు కంపెనీ ఖాతాలో పడి, సర్వర్ పాస్‌వర్డులూ వారి చేతిలోనే ఉంటే, ఆ కంపెనీ మూతపడిన రోజున మీ యంత్రాలు పనిచేయవు, జనం ముందుగా కట్టిన సొమ్ముకు వారికి మీరే జవాబుదారీ అవుతారు. అందుచేత సొమ్ము నేరుగా సంఘం ఖాతాలోకే రావాలి. అడ్మిన్ పాస్‌వర్డులు, కార్డుదారుల వివరాలు, వేరే మెకానిక్ చేత నడిపించుకునే హక్కు మీకు ఉండాలి. కార్డుదారుల ఫోన్ నంబర్లను కంపెనీ చేతికిచ్చినా, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం వాటి భద్రతకు ప్రధాన బాధ్యత మీదే.

యంత్రం ఆగితే ఇన్ని గంటల్లో బాగుచేయాలనీ, లేకుంటే రోజుకు ఇంత చెల్లించాలనీ షరతు పెట్టండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది కనుక, నీళ్లు ట్యాంకరుపై తెప్పించే ఖర్చును లెక్కగట్టి అంకె వేయండి.

అడ్వాన్సును 20 శాతానికి తగ్గించమనండి, దానికీ బ్యాంకు గ్యారంటీ (కంపెనీ మాట తప్పితే ఆ సొమ్ము బ్యాంకే చెల్లిస్తుందన్న హామీ) అడగండి. మొత్తం ధరలో పది శాతం వారంటీ ముగిసేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఈలోగా కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి ఆ కంపెనీ బ్యాలెన్సు షీట్లు చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో రెండేళ్లుగా నడుస్తున్న వారి యంత్రం ఎక్కడుందో అడిగి తెలుసుకుని, అక్కడికి వెళ్లి కార్డు రీడరు, నట్టులు తుప్పు పట్టాయేమో చూడండి. రిపేరుకు మనిషి ఎన్నాళ్లకు వచ్చాడో అక్కడి ఆపరేటర్‌ను విడిగా అడగండి.

సేల్స్‌మన్ నోటిమాటలు రాతపూర్వక ఒప్పందం ముందు సాధారణంగా నిలవవు కాబట్టి, వారి కొటేషనునూ ఉత్తరాలనూ ఒప్పందానికి అనుబంధంగా చేర్చి, ప్రతి పేజీపైనా ఇద్దరి సంతకాలూ తీసుకోండి.