డ్రమ్ము తిరుగుతోంది, వేడి రావట్లేదు, తప్పు మాత్రం మాదేనంటున్నారు

ప్రశ్న: మా బట్టల డ్రైయర్‌కి రెండేళ్ల వారంటీ ఉంది. వెనక గొట్టం గుండా వేడి గాలి బయటికి పోయే రకం. కొన్న పది నెలలకి డ్రమ్ము తిరుగుతున్నా వేడి రావడం మానేసింది. సర్వీస్ వాళ్లొచ్చి ఏదో ఫ్యూజ్ మార్చి వెళ్లారు. ఆరు వారాలకి మళ్లీ అదే కథ. ఈసారి వచ్చినతను ‘లోపల నూగు పేరుకుపోయింది, వాడకంలో లోపం’ అని జాబ్ షీట్‌లో రాసి, మా చేత సంతకం పెట్టించుకుని, వారంటీ వర్తించదని చెప్పి వెళ్లాడు. సంతకం పెట్టేశాం కాబట్టి ఇక దారి లేదా?

జవాబు: ఉంది. సంతకం గురించి మరీ టెన్షన్ పడకండి. అతను వచ్చాడని, చూశాడని మీరు పెట్టిన సంతకం అది, తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కానీ ఆ మాట ఇప్పుడే కాగితం మీదికి రావాలి. ‘వచ్చినందుకు సంతకం చేశాం, రాసిన కారణంతో ఏకీభవించడం లేదు’ అని ఈరోజే కంపెనీకి మెయిల్ పెట్టండి. నాలుగు నెలల తర్వాత వినియోగదారుల కమిషన్‌లో చెబితే లాయర్ నేర్పించాడంటారు.

అసలు విషయం ఆ ఫ్యూజ్‌లో ఉంది. వాళ్లు మార్చింది బహుశా థర్మల్ ఫ్యూజ్ అయ్యుంటుంది. లోపల వేడి హద్దు దాటితే ఒక్కసారి తెగిపోయి, ఇక అతుక్కోని చిన్న ముక్క అది. చాలా మోడళ్లలో అది తెగితే డ్రమ్ము తిరుగుతుంది కానీ హీటర్‌కి కరెంటు అందదు, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. అయితే అది ఊరికే తెగదు. గాలి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాడై ఉండాలి, లేదా హీటర్ కాయిల్ గానీ గాలి తోసే ఫ్యాన్ గానీ చెడి ఉండాలి. ఒంటికి జ్వరం వస్తే థర్మామీటర్ మార్చి పంపినట్టు, మొదటిసారి వచ్చినతను కారణం వెతక్కుండా ఫ్యూజ్ మార్చి వెళ్లాడు. ఆరు వారాలకి మళ్లీ తెగడంలో వింతేముంది? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం దీన్ని సేవాలోపం అనొచ్చు. నాకైతే మీ కేసులో బలమైన పాయింటు ఇదే, వస్తువులో లోపం ఉందన్న వాదన కంటే కూడా. మొదటి జాబ్ షీట్‌లో నూగు మాట ఉందో లేదో చూడండి. లేకపోతే, అప్పుడు కనపడని నూగు ఆరు వారాల్లో ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగొచ్చు. ఉంటే, మరి శుభ్రం చేయకుండా ఫ్యూజ్ ఎందుకు పెట్టారని అడగొచ్చు.

ఇక మీ వైపు పని. ఫిర్యాదు రాయడానికి ముందు, ప్లగ్ తీసేసి, మెషిన్ని ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండి. ముందు ఫొటో, తర్వాతే శుభ్రం. ఈ వరస తారుమారు చేసి సాక్ష్యాన్ని చేజేతులా ఊడ్చేసుకున్నవాళ్లు చాలామంది. నూగు పట్టే జాలీ ఫిల్టర్‌ని ప్రతిసారీ దులుపుతున్నా సరే, కుళాయి కింద పట్టి చూడండి. నీళ్లు జారిపోకుండా జాలీ మీద నిలిచాయంటే, బట్టలు మెత్తబడటానికి డ్రైయర్లో వేసే షీట్ల జిడ్డు పొరలా పట్టిందన్నమాట, గాలి కూడా అలాగే ఆగిపోతుంది. అలా ఉంటే సబ్బుతో మెత్తటి బ్రష్ పెట్టి కడగాలి, అది మీ ఖాతాలోకే వస్తుంది, మొహమాటం అక్కర్లేదు. తర్వాత వెనక గొట్టం: గోడకీ మెషిన్‌కీ మధ్య నలిగిందా, అనవసరంగా పొడుగై మెలికలు తిరిగిందా? దాన్ని బిగించింది కంపెనీ మనిషే అయితే ఆ తప్పు మీది కాదు. ఆ ఇన్‌స్టలేషన్ కాగితం వెతకండి. వెనక ప్యానెల్ స్క్రూలు మాత్రం విప్పకండి, ‘ట్యాంపరింగ్’ (మీరే విప్పి కెలికారు) అనే మాట వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.

నూగు కనపడితే వాడినవాళ్లదే తప్పనే వాదన ఎప్పుడూ నిలబడదు. బ్రిటన్‌లో వర్ల్‌పూల్ గ్రూప్ 2004 నుంచి 2015 దాకా తయారుచేసిన కొన్ని డ్రైయర్లలో నూగు హీటర్‌కి తగిలి నిప్పంటుకునే ప్రమాదం ఉందని బయటపడి, చివరికి 2019లో వాటిని వెనక్కి పిలవాల్సి వచ్చింది. మీ మెషిన్ అలాంటిదని కాదు, నూగు ఎక్కడ చేరాలో ఎక్కడ చేరకూడదో డిజైన్ కూడా నిర్ణయిస్తుందని చెప్పడానికి. నూగు ఫిల్టర్‌లో ఉందా, మీ చేయి చేరని లోపలి భాగంలో ఉందా అన్నది ఆ జాబ్ షీట్ చెప్పాలి. చెప్పకపోతే మెయిల్‌లో అదే అడగండి.

అన్ని డ్రైయర్ ఫిర్యాదులూ కేసులు కావని కూడా చెప్పాలి. బట్టలు తడిగా ఉండగానే ఆగిపోతోందని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు, తీరా చూస్తే డ్రమ్ము అంచున తేమ పసిగట్టే లోహపు పట్టీల మీద జిడ్డు. వేడి గాలిని బయటికి వదలకుండా లోపలే తిప్పి వాడే హీట్ పంప్ రకం తక్కువ వేడితో నెమ్మదిగా ఆరబెడుతుంది, అది లోపం కాదు.

మెయిల్‌కి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే అమ్మినవాళ్లనీ, తయారీదారునీ, సర్వీస్ సెంటర్‌నీ ముగ్గురినీ పార్టీలుగా పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయొచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు (లాయర్నైన నేనే ఈ మాట చెబుతున్నా). గడువు రెండేళ్లు, కానీ అంతదాకా ఆగకండి. రిపేరు, మార్పిడి, డబ్బు వాపసు, నష్టపరిహారం అన్నీ కలిపి అడగండి, కమిషన్ తగినది ఇస్తుంది. లోపం కంటితో తేలేది కాకపోతే సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకి పంపమని కోరవచ్చు, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి ఉంటుంది. అందుకే మెషిన్‌ని అప్పటిదాకా బయట రిపేరుకి ఇవ్వకండి.

ఈలోగా ఎవరైనా తెలిసినాయన వచ్చి ‘ఫ్యూజ్ తీసి వైరు కలిపేస్తే చక్కగా నడుస్తుంది’ అంటే మాత్రం వినకండి. నడుస్తుంది, నిజమే. ఆ తర్వాత నిప్పంటుకుంటే ఆపేది ఏదీ ఉండదు, పైగా వస్తువులో మార్పులు చేశారు కాబట్టి అమ్మినవాళ్ల మీద ఉత్పత్తి బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి పరిహారం కోరే దావా) నిలవదని సెక్షన్ 87 చూపిస్తారు.