ఒంగోలు వెళ్లేముందు

అమ్మణ్ణీ,

ఒంగోలులో ఉద్యోగమొచ్చిందని, ఒక్కదానివే గది తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడికి టెన్షన్. నాకు గర్వమే, కానీ రాత్రి నిద్రపట్టలేదు.

మూడో అంతస్తు, పైన రేకులట! బుద్ధుందా? మన ఎమ్మెస్‌కు, అదే ఈ నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు, వేడి పడదు. నరాల మీది పొర దెబ్బతిన్నచోట, ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా కబురు సరిగా పోదు. చూపు మసకేస్తుంది, కాళ్లు తేలిపోతాయి. చల్లబడితే సర్దుకుంటుందిలే. కానీ రోహిణి కార్తెలో ఆ మెట్ల మీద కూలబడితే లేపేదెవరు? కింద ఇల్లు చూసుకో.

థైరాయిడ్ మాత్ర పరగడుపునే. ఇంజెక్షన్లు ఫ్రిజ్ తలుపులో కాదు, లోపలి అరలో.

ఇక నా సంగతి. కన్ను మసకబారి నెల్లూరులో ఆసుపత్రిలో చేరాను గుర్తుందా? అవి మీ వదినకు సంబంధం చూస్తున్న రోజులు. పెళ్లివారు పలకరించడానికొచ్చి మంచం పక్కనే కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే నర్సు, "షుగర్ ఉందా అమ్మా?" అంది. వాళ్ల ముందు నోరు రాలేదు. లేదన్నాను. స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. అది షుగర్‌ను పెంచుతుందని నాకేం తెలుసు? నా మాత్రలేమో సంచి అడుగున, చీరల కింద. మూడో రోజుకు నాలుక అంగిటికి అతుక్కుపోయింది. దాహమంటే ఆ పెళ్లికొడుకు తల్లే పాపం, గూడూరు నిమ్మకాయలు పిండి, చక్కెర దండిగా వేసి ఫ్లాస్కు నిండా తెచ్చింది. మొత్తం తాగేశాను. ఆ రాత్రి షుగర్ 460. డాక్టరు తిట్టలేదు. కేసు షీటు పైన ఎర్ర సిరాతో రాసి, నాకేసి చూశాడంతే. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

పెళ్లేమీ ఆగలేదులే. ఆ వియ్యపురాలికీ షుగరేనట!

అందుకే చెప్తున్నా, పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా నీ జబ్బులన్నీ చెప్పు, మాత్రల చీటీ చూపించు. కాళ్లు బరువెక్కగానే జబ్బు తిరగబెట్టిందని హడలిపోకు. జ్వరమున్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షనున్నా అలాగే అవుతుంది, ముందు ఆ పరీక్ష చేయించు. ఒక రోజు దాటినా తగ్గకపోతే నరాల డాక్టరుకు ఫోన్ కొట్టు. చూపు తగ్గితే మాత్రం ఆగొద్దు. ఆఫీసులోనూ దాచకు. 2016 దివ్యాంగుల చట్టంలో మన జబ్బు పేరుంది, సర్టిఫికెట్‌కు పెట్టుకో.

శనివారం పినాకిని రైలుకు వస్తున్నా. ఆ రేకుల గది నేను చూడాలి. మామిడికాయ వేసిన చేపల పులుసు శుక్రవారమే వండి తెస్తాను, నీకు మర్నాటిదేగా ఇష్టం. స్టేషన్‌కు రావద్దు, ఎండ.

మీ అత్త