ప్రకటనల డేటాను ఖాతాదారుల ప్రొఫైళ్లతో కలపవచ్చా?

సందేహం: మాది ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే చిన్న సంస్థ. ప్రకటనల వేదికల నుంచి క్లిక్కులు, ఖర్చులు, లీడ్ ఫారాల (ప్రకటన చూసి ఆసక్తి కలిగినవారు తమ వివరాలు నింపే ఫారాలు) వివరాలను రోజూ మా కస్టమర్ డేటా ప్లాట్‌ఫాంలోకి (ఒక్కో ఖాతాదారు సమాచారాన్ని ఒకే ప్రొఫైల్‌గా కూర్చే సాఫ్ట్‌వేర్) దిగుమతి చేయాలని మార్కెటింగ్ విభాగం పట్టుబడుతోంది. ఈమెయిళ్లు హ్యాష్ చేసి, అంటే గణిత పద్ధతిలో అర్థం కాని అక్షరాల వరుసగా మార్చి, ఉంటాయి కాబట్టి చట్టపరంగా ఏ చిక్కూ లేదని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థ అంటోంది. నమ్మవచ్చా?

సమాధానం: నమ్మకండి. అలాగని దిగుమతి మొత్తాన్నీ ఆపనక్కర్లేదు.

ముందు ఆ ఫైలు తెరిచి చూడండి. తేదీ, క్యాంపెయిన్ పేరు, ఇంప్రెషన్లు (ప్రకటన ఎన్నిసార్లు కనిపించింది), క్లిక్కులు, ఖర్చు... ఇంతవరకే ఉంటే అందులో ఏ మనిషి ఆనవాలూ లేదు. నిశ్చింతగా తెచ్చుకోండి, ఎవరి సమ్మతీ అవసరం లేదు. పక్కనే క్లిక్ ఐడీ (ఒక్కో క్లిక్కుకు వేదిక ఇచ్చే ప్రత్యేక గుర్తు) ఉండి, దాన్ని మీ సిబ్బంది ఫలానా ఆర్డరుతో, ఆ ఆర్డరు పెట్టినవారి ఫోను నంబరుతో జత చేశారంటే మాత్రం ఆ వరుస వ్యక్తిగత డేటా అయిపోతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 చూసేది ఆ డేటా ద్వారా మనిషిని గుర్తించవచ్చా అన్నదే. పేరు ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఇక హ్యాష్ సంగతి. ఒకే ఈమెయిల్‌ను ఒకే పద్ధతిలో ఎన్నిసార్లు హ్యాష్ చేసినా అదే అక్షరాల వరుస వస్తుంది. అందువల్లే కదా మీ జాబితానూ, ప్రకటనల వేదిక జాబితానూ సరిపోల్చగలుగుతున్నారు! మనిషిని పట్టివ్వని హ్యాష్ మీ మార్కెటింగ్ విభాగానికి ఎందుకూ కొరగాదు. పట్టిస్తే అది వ్యక్తిగత డేటాయే. హ్యాష్ చేసినంత మాత్రాన డేటా అనామకం కాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో సూటిగానే చెప్పింది. భద్రత కోసం హ్యాష్ చేయండి, మంచిదే. సమ్మతి అవసరాన్ని మాత్రం అది తీర్చదు.

అసలు తగాదాలు వచ్చేది లీడ్ ఫారాల దగ్గర. ‘ధరల వివరాలు పంపండి’ అన్న మీట నొక్కిన వ్యక్తి ధరలు తెలుసుకోవడానికే నంబరు ఇచ్చారు. తన కొనుగోళ్లనూ, చూసిన ప్రకటనలనూ ఒకచోట పేర్చి ప్రొఫైల్ కట్టమని ఇవ్వలేదు. సెక్షన్ 6 ప్రకారం సమ్మతి నిర్దిష్టంగా ఉండాలి, పేర్కొన్న ప్రయోజనానికి అవసరమైన డేటాకే పరిమితం కావాలి, స్పష్టమైన చర్య ద్వారా తెలపాలి. కాబట్టి ప్రొఫైల్ కోసం అదే ఫారంలో విడిగా ఒక ఖాళీ గడి పెట్టండి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2019లో ప్లానెట్49 కేసులో తేల్చింది. మన చట్టంలోని మాటలకూ అదే అర్థం వస్తుందని నా అభిప్రాయం. వివాదం వస్తే ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నామో తెలిపే నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది మీరే. అందుకే ఏ తేదీన, ఏ వాక్యం చూపించి సమ్మతి తీసుకున్నారో ప్రొఫైల్‌లోనే నమోదు చేయించండి. చాలామంది ‘అవును’ అన్న ఒక్క మాట దాచి ఊరుకుంటారు. దేనికి అవును అన్నారో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్ సంస్థ మీ తరఫున పనిచేసే డేటా ప్రాసెసర్ మాత్రమే. ఒప్పందంలో ఏం రాసుకున్నా చట్టం ముందు బాధ్యత మీదేనని సెక్షన్ 8 చెబుతోంది. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. వారి నోటిమాట హామీ అప్పుడు అక్కరకు రాదు.

ఈ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈలోగా దొరికినదంతా పోగేసుకుందామనుకోకండి. చట్టం అమలుకు ముందు సమ్మతి ఇచ్చినవారికి కూడా తర్వాత నోటీసు పంపవలసి ఉంటుంది.

సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఎవరైనా వెనక్కి తీసుకుంటే మీ ప్లాట్‌ఫాంలో చెరిపేస్తే సరిపోదు, ప్రకటనల వేదికకు పంపిన జాబితాలోంచి కూడా ఆ వ్యక్తిని తీయించాలి. ఆ మార్గం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా అడగండి. మీ కొనుగోలుదారుల్లో 18 ఏళ్లలోపువారు ఉంటే లక్షిత ప్రకటనలు, ప్రవర్తనపై నిఘా రెండూ సెక్షన్ 9 కింద నిషిద్ధం. వారి వరుసలను దిగుమతికి ముందే వేరుచేయించండి.