పాత లీవర్ రైఫిల్ కొనేముందు

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్న మా తమ్ముడు పాత లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను ఆడించి తూటా ఎక్కించేది) కొంటానంటున్నాడు. మార్లిన్ 336 నయమా, వించెస్టర్ 94 నయమా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండూ ఎక్కువగా .30-30 అనే రకం తూటాకే దొరుకుతాయి. గురి చూసే టెలిస్కోప్ (స్కోప్) బిగించాలంటే మార్లినే తీసుకోమనండి. అందులో పేలిన తూటా ఖాళీ తొడుగు పక్కనుంచి పడుతుంది. 1980ల మొదటి ఏళ్లవరకూ తయారైన వించెస్టర్లలో అది పైకి ఎగిరి స్కోప్‌కి అడ్డం తగులుతుంది. మోయడానికి మాత్రం వించెస్టరే తేలిక.

పైమెరుగు చూసి మోసపోవద్దు. ముందు తూటా పేలే గది ఖాళీ అని చూసుకుని, మందులేని డమ్మీ తూటాలు ఐదారు నింపి లీవర్‌ను ఒకసారి మెల్లగా, ఒకసారి జోరుగా ఆడించాలి. బాగా వాడిన మార్లిన్‌లో లీవర్ అంచు రాసుకుని, తూటాను పైకెత్తే పలకలో గాడి పడుతుంది. రెండో తూటా దాని కిందికి జారి యంత్రం బిగుసుకుంటుంది. ధర తగ్గించమని అడగడానికి ఇదే పట్టు! వించెస్టర్‌ను చాలామంది మూతివైపు నుంచే శుభ్రం చేస్తారు కాబట్టి బ్యారెల్ మూతి అంచు అరిగిందేమో టార్చి వేసి చూడాలి.

ఈ రెండింటిలోనూ తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. గట్టి మొనదేలినవి వేస్తే ముందుదాని ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే బిళ్లకు) గుచ్చుకుని పేలొచ్చు. బల్లపరుపు మొనవే వాడాలి.