వెలుగు కనబడకపోతే న్యూరాన్ చచ్చినట్టేనా?

ఈసారి ప్రశ్నలన్నీ సి. ఎలిగాన్స్ నులిపురుగు మీదే. ఒంటి పొడవు సుమారు 1 మిల్లీమీటరు, ద్విలింగి పురుగులో ఉన్నవి 302 న్యూరాన్లు (నాడీకణాలు).

ప్రశ్న: మృదుస్పర్శను పసిగట్టే న్యూరాన్లు ఆరని చదివాం. వాటిని జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌తో వెలిగించే స్ట్రెయిన్‌లో (పురుగుల రకంలో) చాలా పురుగులకు నాలుగే లెక్కకొస్తున్నాయి. వేరే మ్యుటేషనేదీ లేదు. మిగతా రెండూ క్షీణించాయా?

జవాబు: ముందు పురుగుల వయసు చూడండి. ఆ ఆరింటిలో ఏఎల్ఎం జంట, పీఎల్ఎం జంట గుడ్డులో ఉండగానే పుడతాయి. ఏవీఎం, పీవీఎం మాత్రం పురుగు గుడ్డు బయటికొచ్చాక, ఎల్1 అనే మొదటి లార్వా దశలో క్యూ అనే మాతృకణాల నుంచి పుడతాయి. కుడి క్యూ సంతతి ముందుకు, ఎడమ క్యూ సంతతి వెనక్కి జరుగుతాయి. అప్పుడే పొదిగిన పురుగులో నాలుగే ఉండటం సహజం.

లెక్క ఎల్4 అనే చివరి లార్వా దశలో గానీ, పెద్దదైన మొదటి రోజున గానీ పెట్టండి. పురుగులన్నిటి వయసూ ఒకటే కావాలంటే బ్లీచింగ్ చేయాలి. గుడ్లున్న పెద్దపురుగుల 3.5 మి.లీ. ద్రవంలో 1 మి.లీ. బ్లీచ్, 0.5 మి.లీ. 5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి ఊపుతూ ఉండండి. ఒళ్లు విచ్చుకుని గుడ్లు బయటపడగానే ఆపాలి. పది నిమిషాలు దాటితే గుడ్లు కూడా చస్తాయి. ఎం9 అనే ఉప్పు ద్రావణంతో మూడుసార్లు కడిగి, తిండి లేకుండా రాత్రంతా ఉంచితే పొదిగినవన్నీ ఎల్1లోనే ఆగుతాయి. ఓపీ50 బ్యాక్టీరియా ఉన్న ప్లేటు మీద వేసి 20 డిగ్రీల్లో పెడితే రెండు రోజులకు అటూ ఇటూగా ఎల్4కు వస్తాయి.

అప్పటికీ తగ్గితే ఫోకస్ మార్చి చూడండి. పురుగు పక్కకు పడుకుంటుంది కాబట్టి అవతలి వైపు కణం మసకబారుతుంది. ఒకే లోతులో ఫొటో తీసి లెక్కపెడితే తప్పకుండా తగ్గుతుంది.

ప్రశ్న: మేం వేరుచేసిన ఒక మ్యుటెంట్‌లో పెద్దపురుగుకు ఈ ఆరూ వెలగడం లేదు. చచ్చిపోయాయని రాయవచ్చా?

జవాబు: ఇప్పుడే రాయకండి. పెద్దపురుగును మాత్రమే చూస్తే మూడు వేర్వేరు సంగతులు ఒకేలా కనిపిస్తాయి. అంక్-86 జన్యువు లోపిస్తే కణవిభజన దారితప్పి ఆ న్యూరాన్లు అసలు పుట్టవు. మెక్-3 జన్యువు లోపిస్తే కణం పుడుతుంది కానీ స్పర్శ న్యూరాన్‌గా రూపొందదు. మీరు వాడే మెక్-4, మెక్-7 ప్రమోటర్లు (జన్యువును పనిచేయించే డీఎన్ఏ భాగాలు) మెక్-3 అదుపులోవే, కాబట్టి కణం అక్కడే ఉన్నా వెలగదు. మెక్-4(డి) అనే మ్యుటెంట్‌లో మాత్రం కణం పుట్టి, రూపొంది, ఆ తర్వాత చస్తుంది. అక్కడ 713వ స్థానంలో అలనీన్ బదులు వాలీన్ రావడంతో అయాన్ చానల్ మూసుకోక, సోడియం, కాల్షియం లోపలికి పోటెత్తుతాయి.

తేల్చాలంటే పొదిగిన వెంటనే ఎల్1లను, రంగు వేయకుండానే కణాలను చూపే డీఐసీ మైక్రోస్కోపు కింద చూడాలి. నెక్రోసిస్ (దెబ్బతిని చచ్చే చావు) అయితే కణం ఎన్నో రెట్లు ఉబ్బి లోపల బోలుగా కనిపిస్తుంది. సహజ వికాసంలో చచ్చే 131 కణాల శవాలు అలా ఉండవు. చిన్నగా, చదునుగా, గుండీలా మెరుస్తాయి. ఉబ్బిన కణం ఎక్కువసేపు మిగలదు, అందుకే గంటల తేడాతో మళ్లీ మళ్లీ చూడాలి. తర్వాత అపోప్టోసిస్‌కు (కణం తనంతట తాను చచ్చే పద్ధతికి) అవసరమైన సెడ్-3 జన్యువు లోపించిన మ్యుటెంట్‌తో సంకరం చేయండి. కణాలు బతికితే అది అపోప్టోసిస్ దారి. మెక్-4(డి) చావును సెడ్-3 లోపం ఆపదు. కణంలోపలి కాల్షియం నిల్వను సాకే కాల్‌రెటిక్యులిన్ జన్యువు సీఆర్‌టీ-1 లోపిస్తే మాత్రం ఆ చావు చాలావరకు తగ్గుతుంది.

స్పర్శ పరీక్షా చేయండి. పుల్లకు అంటించిన కనుబొమ్మ వెంట్రుకతో ఫారింక్స్ (గొంతు) వెనక ఒకసారి, తోక ముందు ఒకసారి, మార్చి మార్చి మొత్తం పదిసార్లు తాకండి. ముక్కు కొసను తాకకండి, అక్కడ పనిచేసేవి వేరే న్యూరాన్లు. వెంట్రుకకు కదలని పురుగు ప్లాటినం తీగతో గట్టిగా పొడిస్తే కదిలిందా, లోపం కండరాల్లో లేదన్నమాట.

ప్రశ్న: బ్యాక్టీరియా తినిపించి చేసే ఆర్ఎన్ఏఐ (ఎంచుకున్న జన్యువును ఆపే పద్ధతి) కండరాల్లో చక్కగా పనిచేస్తోంది, న్యూరాన్లలో ఫలితం లేదు. ఎందుకు?

జవాబు: ద్విపోగు ఆర్ఎన్ఏను లోనికి తీసుకునే సిడ్-1 ప్రోటీన్ న్యూరాన్లలో అత్యల్పం. న్యూరాన్లలో సిడ్-1ను విడిగా చేర్చిన టీయూ3401 లాంటి స్ట్రెయిన్ గానీ, ఆర్‌ఆర్‌ఎఫ్-3 మ్యుటెంట్ గానీ వాడండి. రెండోది 25 డిగ్రీల్లో గొడ్డుబోతుంది, 20 దాటనివ్వకండి. ప్లేటులో బ్యాక్టీరియా చేత ద్విపోగు ఆర్ఎన్ఏ తయారుచేయించే ఐపీటీజీ 1 మిల్లీమోలార్ ఉండాలి. ఓపీ50 బ్యాక్టీరియా వచ్చి కలిస్తే ఫలితం పడిపోతుంది. అంక్-22ను ఆపి పురుగు వణికితే సరిపోయిందనుకోవడం పొరపాటు, అది కండరాల జన్యువు. న్యూరాన్లలో జీఎఫ్‌పీనే ఆపి వెలుగు తగ్గిందేమో చూడటం నమ్మదగ్గ పరీక్ష. ఏ జన్యువునూ ఆపని ఖాళీ ప్లాస్మిడ్ (డీఎన్ఏ వలయం) ఎల్4440 కంట్రోలు కూడా అదే స్ట్రెయిన్‌లో ఉండాలి.

ప్రశ్న: 6-హైడ్రాక్సీడోపమిన్‌తో డోపమిన్ న్యూరాన్లను చంపుతున్నాం. ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు పనిచేయదు.

జవాబు: ఆ మందు గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. ద్రావణం గులాబీ, గోధుమ రంగుకు తిరిగితే పారబోయండి. 50 మిల్లీమోలార్ మందుకు 10 మిల్లీమోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి, ఎప్పటికప్పుడు చేసుకుని, పురుగులను గంటసేపు ఉంచి కడగండి. 24, 48, 72 గంటలకు తలలోని నాలుగు సీఈపీ, రెండు ఏడీఈ డోపమిన్ కణాలను చూడండి. ముందు డెండ్రైట్ల (న్యూరాన్ కొమ్మల) పై పూసల్లా బుడిపెలు వస్తాయి, తర్వాత కణమే మాయమవుతుంది. మందు డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్ గుండానే లోపలికెళ్తుంది కాబట్టి ఆ ట్రాన్స్‌పోర్టర్ లోపించిన డాట్-1 మ్యుటెంట్‌లో న్యూరాన్లు మిగలాలి. అందులోనూ చస్తే మోతాదు మరీ ఎక్కువైనట్టే. ఫొటోకు మత్తిచ్చేటప్పుడు సోడియం అజైడ్ వద్దు. అది కణశ్వాసను అడ్డుకుంటుంది. లెవమిసోల్ మేలు.

ప్రశ్న: ముసలి పురుగుల్లో న్యూరాన్లు ఎన్ని చస్తాయి?

జవాబు: మామూలు పురుగుల్లో చెప్పుకోదగ్గంత చావవు. మారేది ఆకారం. ఏఎల్ఎం, పీఎల్ఎంలకు కొత్త కొమ్మలు మొలుస్తాయి, పోగులు వంకర్లు తిరుగుతాయి. దీర్ఘాయువైన డాఫ్-2 మ్యుటెంట్‌లో ఇవి ఆలస్యంగా వస్తాయి. కాబట్టి లెక్కపెట్టాల్సింది కణాలను కాదు, ఈ మార్పులను. స్ట్రెయిన్ పేరు తెలియని మనిషి చేత లెక్కపెట్టించండి. పిల్లలు పుట్టకుండా ఎఫ్‌యూడీఆర్ వాడితే ఒక గుంపును అది లేకుండా, పిల్లలు పెట్టే రోజుల్లో రోజూ కొత్త ప్లేటుకు మార్చుతూ పెంచండి. కొన్ని మ్యుటెంట్లలో ఆ మందే ఆయుష్షును మారుస్తుంది.