వెనిగర్ వాసన వేస్తున్న ఫిల్ము డబ్బాలు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయంలో వైద్య, మానవశాస్త్ర విభాగాలు దశాబ్దాల క్రితం తీయించిన 16 మి.మీ. పరిశోధన ఫిల్ములు ఒక గదిలో ఉన్నాయి. కొన్ని డబ్బాల మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన వస్తోంది. అన్నిటినీ డిజిటల్‌లోకి మార్చి, అసలు ఫిల్ములను పారవేయవచ్చా?

జవాబు: దయచేసి పారవేయకండి. ఆ వాసన ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము క్షీణిస్తున్నప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లానిది. ఆ ఆమ్లమే క్షీణతను మరింత వేగవంతం చేస్తుంది, పక్కనున్న ఫిల్ములకూ హాని చేస్తుంది కనుక, వాసన వస్తున్న డబ్బాలను వెంటనే వేరే గదికి మార్చండి. వాసన రాని డబ్బాలలో ఎ-డి స్ట్రిప్ అనే పరీక్ష కాగితం ఉంచి చూడండి. నీలంగా ఉండే ఆ కాగితం ఆమ్లం పెరిగేకొద్దీ ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది. చెడిన ఫిల్మును పూర్వస్థితికి తేలేము గాని, చల్లని, పొడి వాతావరణంలో ఆ క్షీణతను ఎంతో నెమ్మదింపజేయవచ్చు. ఏముందో చూద్దామని ప్రొజెక్టరుకు మాత్రం ఎక్కించకండి. కుంచించుకుపోయిన ఫిల్ము అంచు రంధ్రాలు ప్రొజెక్టరు పళ్లకు సరిపడక చిరిగిపోతాయి.

డిజిటల్ ప్రతి తప్పక కావాలి, బాగా చెడిన ఫిల్ములకు ముందుగా కావాలి. అయితే రేపు ఇంతకంటే మెరుగైన స్కానర్ వచ్చినప్పుడు తిరిగి వెళ్లవలసింది అసలు ఫిల్ము దగ్గరికే.

మీరు అడగకపోయినా, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఫిల్ముతోపాటు ఉండవలసిన కాగితాలు. 1936 నుంచి ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో మానవశాస్త్రవేత్త గ్రెగొరీ బేట్‌సన్ సుమారు 22,000 అడుగుల ఫిల్ము తీస్తుండగా, ఆయనతో పనిచేసిన మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ సమయాలు వేస్తూ నోట్సు రాశారు. ఆ రాతల వల్లనే ఏ దృశ్యంలో ఎవరు, ఏ సందర్భంలో ఉన్నారో తెలుస్తుంది. ఒక రోగి నడక తీరును చూపే ఫిల్ముకు కూడా కేసు వివరాలు, తీసిన తేదీ, సెకనుకు ఎన్ని ఫ్రేములు తీశారన్నది లేకపోతే ఆ నడక వేగాన్ని సైతం నమ్మలేము. రోగులూ గ్రామస్థులూ ఏ షరతుపై కెమెరా ముందుకు వచ్చారో చెప్పే అంగీకార పత్రాలు ఆ కాగితాల్లోనే దొరకవచ్చు, ఎవరికి చూపవచ్చో తేల్చడానికి అవి ఆధారం. కనుక తుప్పు పట్టిన డబ్బాను మార్చేటప్పుడు, దాని మూతపై పెన్సిలుతో రాసిన ఒక్క అంకె ఉన్నా ముందు ఫొటో తీసి, కొత్త డబ్బాపై యథాతథంగా రాయండి.