డూమ్ మెటల్ పెడితే నిద్రొస్తోందా? నాకూ అలాగే వచ్చేది

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఫ్రెండ్ చెప్పాడని ఒక డూమ్ మెటల్ (హెవీ మెటల్ రాక్‌లో బాగా నెమ్మదిగా సాగే రకం) ఆల్బమ్ పెట్టారు, పది నిమిషాలకే కళ్లు మూతలు పడ్డాయి, ఇంత నెమ్మదిగా, ఇంత బరువుగా ఉండేదాన్ని జనం గంటలకొద్దీ ఎలా వింటారని అడిగారు. ఏడెనిమిదేళ్లుగా వింటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఒక సంగతి. ఫోన్ స్పీకర్‌లో విన్నారా? అలాగైతే మీరింకా వినలేదన్నమాటే. మామూలు శ్రుతిలో గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డూమ్ వాళ్లు దాన్ని ఇంకా వదులు చేసి కిందికి దించుతారు. బేస్ గిటారు అయితే 41 దగ్గర మొదలు. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్ అంత కిందికి దిగలేదు. మీకు వినిపించింది కందిపప్పు వెయ్యని సాంబారు. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఖరీదైనవే అక్కర్లేదు. నావి కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి.

ఈ తీగలు వదులు చేయడం వెనక ఒక ప్రమాదం ఉంది. బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేస్తున్న చివరి రోజున మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీల్లాంటివి చేసుకున్నాడు. బిగువు తక్కువుంటే నొప్పి తగ్గుతుందని తర్వాత తీగలు వదులు చేశాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఏకంగా మూడు అరస్వరాలు కిందికి దించేశాడు. వదులు తీగ బరువుగా మోగుతుంది. ఆ బరువునే తర్వాత వచ్చిన డూమ్ వాళ్లు పట్టుకున్నారు.

నాకు అసలు విషయం బోధపడింది మాత్రం మా అమ్మ వల్ల. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా ఫ్లాట్, ఆదివారం పొద్దున. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్, 1970ది, స్పీకర్లలో పెట్టాను. వర్షం చప్పుడు, చర్చి గంట, ఆ తర్వాత గిటారు. అమ్మ పెళ్లయ్యే వరకు విజయవాడలో సంగీతం నేర్చుకుంది. హాల్లో కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపింది.

"ఏరా, కింది సా, పై సా వాయించి, ప్రతిమధ్యమం మీద అలా నిలబడిపోయాడేంటి? పంచమం మీదికి రాడా?"

"రాడమ్మా."

"మరి ఎప్పుడొస్తాడు?"

"రాడు. అంతే."

"అదేం పద్ధతి" అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది కానీ, చెవి ఇటే ఉంది. ఆ మూడు స్వరాలే మళ్లీ మళ్లీ. ఆ సా, ప్రతిమధ్యమాల మధ్య దూరానికి పాశ్చాత్యులు పాత రోజుల్లో సంగీతంలోని సైతాను అని పేరు పెట్టారు. మనకు కల్యాణిలో ఉండేది ఆ మధ్యమమే, అదేమో శుభానికి పాడుకునే రాగం! స్వరం ఒకటే. కల్యాణి పాడేవాళ్లు దాన్ని దాటుకుని పంచమానికి వెళ్తారు, వీళ్లు దాని మీదే కూర్చుంటారు. అమ్మ అడిగిన "ఎప్పుడొస్తాడు?" అన్న ప్రశ్నే డూమ్‌లో మనల్ని పట్టి ఉంచేది. మీకు నిద్రొచ్చింది, బహుశా తర్వాత ఏం వస్తుందా అని చూసి చూసి విసిగిపోయి. తర్వాతది కాదు, ఇప్పుడు మోగుతున్న స్వరం ఎలా సన్నగిల్లుతోందో వినండి. ఒక దెబ్బ కొట్టాక తీగ రొద, ఆంప్లిఫయర్ హోరు, చివర్లో గాలిలాంటి చప్పుడు, ఇవన్నీ వేగంగా వాయిస్తే వినపడవు.

క్షేత్రయ్య పదాలు చౌకంలో, అంటే బాగా నెమ్మదిగా, నేర్పేటప్పుడు అమ్మ వాళ్ల టీచరుగారు, పిల్లలు పరిగెడితే తాళం వేస్తున్న చెయ్యి తొడ మీద ఆపేసి ఊరికే చూసేవారట. ఈ కథ అమ్మ ఆ రోజే చెప్పింది. డూమ్ డ్రమ్మర్ పని కూడా సరిగ్గా అలాంటిదే. నిమిషానికి 60 దెబ్బలు కూడా లేనిచోట తొందరపడకుండా ఉండటం చిన్న విషయం కాదు.

ఇక పూర్తిగా మునిగింది ఒక వానాకాలం సాయంత్రం. రాయదుర్గం నుంచి ఇంటికి, మామూలుగా అయితే 40 నిమిషాలు. ఆ రోజు సైబర్ టవర్స్ దగ్గరే క్యాబ్ ఆగిపోయింది. బెల్ విచ్ అనే సియాటిల్ బ్యాండ్ 2017లో తెచ్చిన 'మిర్రర్ రీపర్' పెట్టాను. ఆల్బమ్ మొత్తం ఒకటే పాట, 83 నిమిషాలు. గిటారే లేదు, ప్రధానంగా బేస్, డ్రమ్స్, గొంతులు. వాళ్ల పాత డ్రమ్మర్ ఏడ్రియన్ గెర్రా 2016లో చనిపోయాడు, అంతకుముందు రికార్డు చేసి వాడకుండా మిగిలిన ఆయన గొంతును పాట మధ్యలో వాడారు. ఇది తెలిసి వింటే అక్కడ గొంతు మారినప్పుడు ఊపిరి ఆగినట్టవుతుంది. నాకైతే అలాగే అయింది.

క్యాబ్ అద్దం మీద వైపర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక ఒక డ్రమ్ దెబ్బ పడేది. కాసేపటికి ముందు కారు ఎర్ర లైటు, వైపర్, బేస్ అన్నీ ఒకే తాళంలోకి వచ్చేశాయి. డ్రైవరన్న వెనక్కి తిరిగి ఏదో అంటే హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి విన్నాను. "నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినయ్ సార్, ఇప్పట్ల కదలదు." "కదలకపోతే పాయె అన్నా" అన్నాను. నిజంగానే టెన్షన్ లేదు. మలేషియన్ టౌన్‌షిప్ రాకముందే 83 నిమిషాలూ అయిపోయాయి.

మీరు మాత్రం దానితో మొదలుపెట్టకండి. ముందు బ్లాక్ సబ్బాత్ 1970 ఆల్బమ్‌లో మొదటి పాట, ఆరు నిమిషాలే. తర్వాత స్వీడన్ బ్యాండ్ క్యాండిల్‌మాస్ 1986లో తెచ్చిన మొదటి ఆల్బమ్. అందులో ఆరు పాటలే, గాయకుడు గొంతెత్తి శ్రావ్యంగా పాడతాడు కాబట్టి అరుపుల భయం లేదు. మన పక్కనే బెంగళూరులో 90లలోనే డయింగ్ ఎంబ్రేస్ అని ఒక బ్యాండ్ ఈ దారి పట్టింది, అదీ వెతకండి. అర్థం లేని శవాల బొమ్మల కవర్లు చూసి జడుసుకోవద్దు, ఆ వేషాలు నాకూ నచ్చవు.

స్పీకర్లలో అయితే రాత్రి తొమ్మిది దాటాక వద్దు. ఒకసారి వంటింట్లో స్టాండ్‌లోని స్టీలు గ్లాసులు ఒక స్వరానికి మాత్రమే జుయ్యిమంటుంటే ఏ గ్లాసో వెతుకుతున్నాను, ఇంతలో కింది ఫ్లోర్ అంకుల్ పైకొచ్చి "బోరు మోటారు ఆన్‌లో మర్చిపోయారా బాబూ?" అని అడిగారు.

నిద్రొస్తే పడుకోండి, తప్పేం లేదు. ఆ క్యాబ్ రోజుకు ముందు 'మిర్రర్ రీపర్' మధ్యలో నేను మూడుసార్లు నిద్రపోయాను. అందుకే మొదటి అరగంట నాకు నోటికొచ్చు.